లిట్టెరా ఫ్లొరెంటీనా: ఫ్లోరెన్స్ డైజెస్ట్ రాతప్రతి

తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ చేయించిన న్యాయ సంకలనం ‘డైజెస్ట్’కు నేడు మిగిలిన రాతప్రతుల్లో అతి పాతది, దాదాపు సమగ్రమైనది లిట్టెరా ఫ్లొరెంటీనా. ఇది 6వ శతాబ్దంలో చర్మపత్రాల మీద లాటిన్ ఉన్షియల్ లిపిలో రాసిన ప్రతి. దీన్ని కోడెక్స్ ఫ్లొరెంటీనస్ అని, ఫ్లోరెన్స్‌కు రాకముందు పీసాలో ఉన్నందున లిట్టెరా పిసానా అని కూడా అంటారు. ‘లిట్టెరా’ అంటే అక్షరం. మధ్యయుగపు న్యాయ పండితుల వాడుకలో ఆ మాటకు ‘పాఠం’ అనే అర్థం ఉంది. ఇప్పుడు ఈ ప్రతి ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, లారెన్షియన్ గ్రంథాలయంలో ఉంది. శాస్త్రీయ ముద్రణల్లో దీని సంకేతాక్షరం ‘ఎఫ్’.

ఎవరు రాయించారో, మొదట ఎవరి దగ్గర ఉందో చెప్పే పుష్పిక ఏదీ దీనికి ఆధారంగా నిలవదు. మొదటి అయిదారు వందల ఏళ్ల సంగతులకు లిపే సాక్షి. ఆ తర్వాతి కథకు పత్రాలు, చరిత్రలు, వాటితోపాటు కొన్ని కట్టుకథలు ఉన్నాయి.

గ్రంథ విషయం

జస్టీనియన్ 530 డిసెంబరు 15న ఇచ్చిన ఆజ్ఞతో డైజెస్ట్ పని మొదలైంది. దీనికే గ్రీకులో ‘పాండెక్ట్స్’ అని పేరు. ట్రిబోనియన్ నాయకత్వంలోని పండితుల బృందం పూర్వ రోమన్ న్యాయవేత్తల రచనలను వడకట్టి, శకలాలుగా కత్తిరించి, విషయాలవారీగా కూర్చింది. సుమారు రెండు వేల పుస్తకాల్లోని ముప్పై లక్షల పంక్తులను లక్షా యాభై వేల పంక్తులకు కుదించామని చక్రవర్తే చెప్పుకున్నాడు. 50 పుస్తకాల ఈ సంకలనం 533 డిసెంబరు 16న ప్రకటితమై, అదే నెల 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఉల్పియన్, పౌలస్, పాపినియన్, గాయస్, మొడెస్టినస్ వంటివారి మూల రచనలు చాలావరకు నశించాయి. వారి మాట మనకు చేరిందంటే ఈ సంకలనం వల్లనే.

554లో జస్టీనియన్ ‘ప్రాగ్మాటిక్ శాసనం’ ద్వారా తన ధర్మశాసనాలు ఇటలీలోనూ చెల్లుతాయని ప్రకటించాడు. డైజెస్ట్ ప్రతులు పడమటికి రావడానికి చట్టబద్ధమైన కారణం అది. అయితే పడమటి ఐరోపాలో ఆ గ్రంథం ఎక్కువ కాలం నిలదొక్కుకోలేదు. 603లో పోప్ గ్రెగొరీ రాసిన ఒక లేఖలో ప్రస్తావన కనిపించాక, మళ్లీ 1076 మార్చిలో టస్కనీలోని మార్తూరి వద్ద జరిగిన ఒక వ్యాజ్యం తీర్పులో తప్ప దాన్ని ఉటంకించిన దాఖలా లేదు. మధ్యలో గడిచినవి నాలుగున్నర శతాబ్దాలకు పైమాటే.

భౌతిక స్వరూపం

ప్రతిలో 907 ఆకులున్నాయి. రెండు సంపుటాలుగా కట్టారు. ఒక్కో పుటలో రెండు నిలువు వరుసలు, వరుసకు సుమారు 45 పంక్తులు. చర్మపత్రం నాణ్యత, అంచుల్లో వదిలిన జాగా, రాత తీరు చూస్తే ఖర్చుకు వెనకాడకుండా చేయించిన పని అని తెలుస్తుంది. ఒక విద్యార్థి తన చదువుకోసం రాసుకున్న ప్రతి కాదిది.

ప్రారంభంలో చక్రవర్తి శాసనాలు, వాటితోపాటు ఏయే న్యాయవేత్తల ఏయే గ్రంథాల నుంచి శకలాలు తీసుకున్నారో చెప్పే పట్టిక ఉన్నాయి. ‘ఇండెక్స్ ఫ్లొరెంటీనస్’ అని పేరుపడిన ఈ పట్టిక మరే ప్రతిలోనూ రాలేదు. పట్టికకు, లోపలి పాఠానికి అన్నిచోట్లా పొంతన కుదరదు. వాడిన గ్రంథాలు కొన్ని పట్టికలో లేవు, పట్టికలో ఉన్నవి కొన్ని లోపల లేవు. సంకలనకర్తల పనితీరును ఊహించడానికి ఈ పొరపాట్లే పరిశోధకులకు బాగా అక్కరకొచ్చాయి.

లిపి

ఉన్షియల్ అనేది గుండ్రటి మలుపులతో, దాదాపు ఒకే ఎత్తున నడిచే పెద్దక్షరాల లాటిన్ లిపి. 4వ శతాబ్దం నుంచి 8వ శతాబ్దం దాకా గ్రంథలేఖనంలో విరివిగా వాడారు. పదాల మధ్య ఎడం ఉండదు. తాళపత్ర గ్రంథాలు చదివిన తెలుగువారికి ఇది కొత్త కాదు, ఎక్కడ పదం విరవాలో చదివేవాడే తేల్చుకోవాలి.

ఫ్లోరెన్స్ ప్రతిలోని ఉన్షియల్ మామూలు ఇటలీ ఉన్షియల్ కాదు. దీన్ని ‘బి-ఆర్ ఉన్షియల్’ అంటారు. ఈ పేరు రెండు అక్షరాల వల్ల వచ్చింది. ‘బి’ మిగతా అక్షరాల కంటే పొడుగ్గా, పై గీతను దాటి లేస్తుంది. ‘ఆర్’ నిలువు గీత కింది గీతను దాటి దిగుతుంది, గ్రీకు ‘రో’ దిగినట్టే. లాటిన్ రాస్తున్నా చెయ్యి గ్రీకు అలవాటు పడిందన్నమాట. గ్రీకు భాగాలు వచ్చినప్పుడు కూడా ఈ లేఖకులు తడబడలేదు. మొడెస్టినస్ సంరక్షకత్వ మినహాయింపుల గురించి గ్రీకులో రాసిన గ్రంథం నుంచి 27వ పుస్తకంలో పెద్ద పెద్ద భాగాలున్నాయి, అవి ఈ ప్రతిలో గ్రీకులోనే నిలిచాయి. గ్రీకు రాని తర్వాతి పడమటి లేఖకులు అలాంటి చోట్ల ఖాళీ వదిలారు, లేదా లాటిన్ అనువాదం చేర్చారు.

లాటిన్ ప్రాచీన రాతప్రతుల మహా సూచికను తయారుచేసిన ఇ. ఎ. లో, 1961లో వెలువడిన తన వ్యాసంలో ఈ ప్రతిని ఇతర లాటిన్ న్యాయ రాతప్రతులతో కలిపి పరిశీలించి, వాటన్నిటిలో కనిపించే ‘గ్రీకు లక్షణాలను’ చూపాడు. వెరోనాలో ఉన్న జస్టీనియన్ కోడ్ శకలాలు, నేపుల్స్‌లో తుడిచి మళ్లీ రాసిన ఒక ప్రతి అడుగున బయటపడిన డైజెస్ట్ భాగం ఈ కోవకే చెందుతాయి. వీటి పుట్టిల్లు కాన్‌స్టాంటినోపుల్ గానీ, దాని ప్రభావంలోని మరో గ్రీకు ప్రాంతం గానీ కావాలన్నది ఆయన వాదం. నేడు ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే. 19వ శతాబ్దపు పండితులు కాలాన్ని 6వ శతాబ్దమో 7వ శతాబ్దమో అని వదిలేశారు. ఇప్పుడు 6వ శతాబ్దం వైపే, అందులోనూ గ్రంథం ప్రకటితమైన 533కు దగ్గరగానే మొగ్గు ఉంది.

సంక్షిప్తాక్షరాల నిషేధం

ఈ ప్రతి లిపికి, అందులో రాసిన చట్టానికి నేరుగా ముడిపడిన అంశం ఒకటుంది. అప్పటి న్యాయ లేఖకులు తరచు వచ్చే మాటలకు ‘సిగ్లా’ అనే పొడి అక్షరాలు వాడేవారు. వాటివల్ల అర్థాలు మారిపోయి వివాదాలు పుట్టాయి. జస్టీనియన్ తన ఆజ్ఞలోనే సిగ్లాను నిషేధించాడు. సిగ్లా ఉన్న ప్రతిని న్యాయస్థానంలో ఉటంకించడానికి వీల్లేదన్నాడు, అలా రాసిన లేఖకుడికి కూటరచన నేరానికి పడే శిక్షే విధించాడు. ప్రామిసరీ నోటులో అంకె పక్కనే ‘అక్షరాలా’ అని రాయించే జాగ్రత్త లాంటిదే ఇది, కాకపోతే సామ్రాజ్యం స్థాయిలో.

ఫ్లోరెన్స్ ప్రతిలో పాఠం దాదాపు అంతటా పూర్తి అక్షరాల్లో సాగుతుంది. పొడి అక్షరాలతో నిండిన ఇతర పాత న్యాయ ప్రతులతో పోలిస్తే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చక్రవర్తి నిబంధన తెలిసిన, దాన్ని పాటించాల్సిన చోట రాసిన ప్రతి అనడానికి ఇదొక బలమైన సూచన. 907 ఆకులు అవసరం కావడానికి కారణం కూడా కొంతవరకు ఇదే.

లేఖకులు, దిద్దుబాట్లు

చేతిరాత భేదాలను బట్టి సుమారు డజను మంది లేఖకులు పనిని పంచుకున్నారని గుర్తించారు. ఇంతమంది ఒక్క ప్రతి మీద కూర్చున్నారంటే అది క్రమబద్ధమైన లేఖనశాల అయి ఉండాలి. రాత పూర్తయ్యాక పాఠాన్ని సరిచూసి దిద్దినవారు వేరే ఉన్నారు. వారి దిద్దుబాట్లు చాలా విలువైనవి. లేఖకుల ముందున్న మాతృకతో కాక, మరో మంచి ప్రతితో పోల్చి దిద్దారని, 19వ శతాబ్దంలో డైజెస్ట్‌ను పరిష్కరించిన థియోడర్ మామ్‌సెన్ నిరూపించబోయాడు. ఆ లెక్కన ఈ ఒక్క పుస్తకంలో రెండు పాత ప్రతుల సాక్ష్యం దాగి ఉన్నట్టు. అందుకే ఆధునిక ముద్రణల్లో మొదటి రాతకు, దిద్దిన రాతకు వేర్వేరు సంకేతాలు ఇస్తారు.

యాజమాన్య చరిత్ర: దక్షిణ ఇటలీ

కాన్‌స్టాంటినోపుల్ నుంచి, లేదా ఆ పరిసరాల నుంచి ఈ పుస్తకం ఇటలీకి ఎప్పుడు చేరిందో చెప్పే పత్రం లేదు. అంచుల్లో ఉన్న కొన్ని చిన్న రాతలు మాత్రం దారి చూపుతాయి. అవి బెనెవెంటన్ లిపిలో ఉన్నాయి. మాంటే కసీనో, బెనెవెంటో, నేపుల్స్ వంటి దక్షిణ ఇటలీ కేంద్రాల్లో ప్రధానంగా చలామణీలో ఉన్న లిపి అది. ఈ రాతలను 9-10 శతాబ్దాలవిగా గుర్తించారు. అంటే అప్పటికి ప్రతి దక్షిణ ఇటలీలో ఎవరో చదువరి చేతిలో ఉంది. ఒక మఠానిదా, ఒక కుటుంబానిదా అన్నది ఆ గీతలు చెప్పవు.

పీసా

12వ శతాబ్దంలో ప్రతి పీసా నగరానికి చేరింది. రేవు పట్టణమైన పీసాకు కాన్‌స్టాంటినోపుల్‌తో వ్యాపార, దౌత్య సంబంధాలు దండిగా ఉండేవి. 1160లో ఆ నగరం తన చట్టాలను లిఖితరూపంలో పెట్టినప్పుడు రోమన్ న్యాయం ప్రభావం వాటిలో స్పష్టంగా కనిపించింది. 1193లో మరణించిన పీసా న్యాయమూర్తి, దౌత్యవేత్త బుర్గుండియో గ్రీకు బాగా తెలిసినవాడు. డైజెస్ట్‌లోని గ్రీకు భాగాలను లాటిన్‌లోకి తెచ్చింది ఆయనే.

బొలోనియా న్యాయ వ్యాఖ్యాతలు తమ పాఠంలో సందేహం వచ్చినప్పుడు ‘లిట్టెరా పిసానా’లో ఎలా ఉందో ప్రస్తావించేవారు. పీసావారికి అది చదువుకునే పుస్తకం కంటే ఊరి గౌరవం. నగర పాలకుల సంరక్షణలో, కట్టుదిట్టమైన కాపలా మధ్య ఉండేది. 14వ శతాబ్దపు ప్రసిద్ధ న్యాయవేత్త బార్తోలస్ పీసాలో పాఠం చెప్పినవాడు, ఆ ప్రతి పీసాలో ఉన్నట్టు ఆయన రాతల్లో ఉంది.

అమాల్ఫీ కథ

ప్రతి పీసాకు ఎలా వచ్చిందన్నదానికి ఎక్కువ ప్రచారంలో ఉన్న కథ ఇది: 1135లో పీసా నౌకాదళం దక్షిణ ఇటలీ రేవు అమాల్ఫీని దోచుకుంది, దోపిడీ సొమ్ములో ఈ పుస్తకం దొరికింది, పవిత్ర రోమన్ చక్రవర్తి లొథైర్ దాన్ని పీసావారికే బహుమతిగా వదిలేశాడు. కథకు తోక కూడా ఉంది. పుస్తకం చూసి ముచ్చటపడిన లొథైర్ ఇకపై న్యాయస్థానాల్లో, విద్యాలయాల్లో రోమన్ న్యాయమే నడవాలని శాసించాడట.

తోక ముందే తెగిపోయింది. అలాంటి శాసనమేదీ లేదని జర్మన్ పండితుడు హెర్మన్ కాన్రింగ్ 1643లో తేల్చాడు. బొలోనియాలో ఈ చదువుకు ఆద్యుడిగా చెప్పే ఇర్నేరియస్ పేరు 1112 నాటికే పత్రాల్లో ఉంది. అమాల్ఫీ దోపిడీకి ముందే రోమన్ న్యాయం చదువు మొదలైంది కాబట్టి, ఆ దోపిడీ దానికి కారణం కాలేదు.

తల మీద, అంటే అసలు దోపిడీ మీద, 18వ శతాబ్దంలో పెద్ద వాగ్యుద్ధం జరిగింది. పీసా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే సన్యాసి గ్విడో గ్రాండీ 1720ల్లో అమాల్ఫీ కథను తోసిపుచ్చుతూ రాశాడు. అదే విశ్వవిద్యాలయ న్యాయ ఆచార్యుడు, తర్వాత నేపుల్స్ రాజ్యానికి మంత్రి అయిన బెర్నార్డో తనుచ్చీ కథను సమర్థిస్తూ ఘాటుగా జవాబిచ్చాడు. దోపిడీ నిజంగా జరిగింది, అందులో పుస్తకం ఉందనడానికే సమకాలీన సాక్ష్యం లేదు. 13వ శతాబ్దపు బొలోనియా ఆచార్యుడు ఓడోఫ్రేడస్ మరో మాట చెప్పాడు: జస్టీనియన్ కాలంలోనే కాన్‌స్టాంటినోపుల్ నుంచి పీసాకు నేరుగా వచ్చిందని. బెనెవెంటన్ రాతలు ఈ రెండో కథకు అడ్డు తగులుతాయి. దక్షిణ ఇటలీ మజిలీని బలపరచడం వల్ల మొదటి కథకు కొంత ఊతమిస్తాయే గానీ, దాన్ని రుజువు చేయవు.

ఫ్లోరెన్స్

1406 అక్టోబరులో దీర్ఘ ముట్టడి తర్వాత పీసా ఫ్లోరెన్స్ వశమైంది. ఓడిన నగరం గర్వంగా దాచుకున్న పుస్తకం గెలిచిన నగరానికి విజయచిహ్నమైంది. దాన్ని పాలకుల భవనంలో, నేటి పలాజ్జో వెక్కియోలో ఉంచారు. చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ వర్ణన ప్రకారం ఊదారంగు బైండు వేయించి, విలువైన పెట్టెలో పెట్టి, సన్యాసులూ అధికారులూ టోపీలు తీసి, కొవ్వొత్తులు వెలిగించి మరీ సందర్శకులకు చూపేవారు. ఇలా చూపే పుస్తకాన్ని కూర్చుని చదవడం అంత సులువు కాదు. చదవాలంటే పాలకుల అనుమతి కావాలి.

18వ శతాబ్దం చివరి పాదంలో, గ్రాండ్ డ్యూక్ పియెట్రో లియోపోల్డో ఏలుబడిలో, ప్రతి పాలక భవనం నుంచి లారెన్షియన్ గ్రంథాలయానికి మారింది. పవిత్ర వస్తువు స్థితి నుంచి పుస్తకం స్థితికి వచ్చిందనవచ్చు. (చూ. మెడిచీ గ్రంథ సంగ్రహాలు.)

పాఠ పరిశోధన

అనుమతి దొరికిన మొదటి గొప్ప పాఠకుడు కవి, భాషాపండితుడు ఆంజెలో పొలిజియానో. లొరెంజో డి మెడిచీ ప్రాపకంతో 1490లో ఆయన ప్రతిని మొదటి నుంచి చివరిదాకా అచ్చు పుస్తకాలతో పోల్చి, పాఠభేదాలను వాటి అంచుల్లో రాసుకున్నాడు. ఇది జస్టీనియన్ సొంత ప్రతేనని ఆయన నమ్మకం. ముందుమాటలో కొన్ని మాటలు కొట్టివేసి పైన వేరే మాటలు రాసి ఉండటం ఆయన చూపిన కారణాల్లో ఒకటి: నకలు తీసేవాడు కాదు, రాస్తూ ఆలోచించేవాడు అలా కొట్టేస్తాడని వాదన. ఆ నమ్మకం నిలవలేదు, కానీ కొట్టివేతను కూడా సాక్ష్యంగా చదివే పద్ధతి నిలిచింది.

స్పెయిన్ పండితుడు అంతోనియో అగుస్తిన్ 1540ల ఆరంభంలో ప్రతిని పరిశీలించి, 1543లో తన సవరణలు ప్రకటించాడు. డ్యూక్ మొదటి కోసిమో ఆస్థానంలోని లెలియో తొరెల్లి, కుమారుడు ఫ్రాంచెస్కోతో కలిసి ఏళ్ల తరబడి శ్రమించి, 1553లో ఫ్లోరెన్స్‌లో పూర్తి పాఠం అచ్చువేయించాడు. తోరెన్తీనో ముద్రణాలయం నుంచి వచ్చిన ఆ ముద్రణతో ఫ్లోరెన్స్ గడప తొక్కకుండానే ఈ పాఠం చదివే వీలు కలిగింది.

డచ్ న్యాయవేత్త హెన్రిక్ బ్రెంక్‌మన్ 1709లో ఫ్లోరెన్స్ వచ్చి, గ్రీకు పండితుడు సల్వీనీ సాయంతో నాలుగేళ్లు అక్షరం అక్షరం సరిచూశాడు. 1722లో ఈ ప్రతి చరిత్ర మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. అసలు తలపెట్టిన ముద్రణ మాత్రం పూర్తికాకుండానే 1736లో కన్నుమూశాడు. ఆయన కాగితాలు చేతులు మారి జర్మనీలోని గాటింగెన్ చేరాయి, వాటి ఆధారంగా అక్కడ 1776-1797 మధ్య రెండు సంపుటాలు వెలువడ్డాయి.

బొలోనియా పాఠంతో సంబంధం

మధ్యయుగపు విశ్వవిద్యాలయాల్లో చదివింది ఫ్లోరెన్స్ ప్రతిని కాదు, ‘వల్గేట్’ లేదా ‘లిట్టెరా బొనోనియెన్సిస్’ అనే బొలోనియా పాఠాన్ని. వందల ప్రతుల్లో దొరికే ఆ పాఠానికి ఫ్లోరెన్స్ ప్రతి తల్లి అవునా కాదా అన్నది శతాబ్దాల ప్రశ్న. దీనికి ముఖ్యమైన ఆనవాలు చివరి పుస్తకం చివరి ప్రకరణంలో, ప్రాచీన న్యాయ నియమాల జాబితాలో ఉంది. ఫ్లోరెన్స్ ప్రతిలో అక్కడి రెండు ఆకులను కట్టేవాడు పొరపాటున ముందువెనకలు చేసి కుట్టాడు. ఆకులు తిప్పి చదివితే వరుస కుదురుతుంది. వల్గేట్ ప్రతుల్లోనూ నియమాలు అదే తారుమారు వరుసలో వస్తాయి, అయితే అక్కడ అవి ఆకుల మధ్య కాదు, పుట నడుమనే తారుమారవుతాయి. వేరే పుస్తకంలో ఇదే పొరపాటు స్వతంత్రంగా జరిగే అవకాశం లేదు. కాబట్టి ఆ ప్రతులకు మూలం ఫ్లోరెన్స్ ప్రతే కావాలన్నది చాలాకాలంగా ఉన్న వాదం.

మరోపక్క, ఫ్లోరెన్స్ ప్రతిలో లేఖకుడు తప్పు చేసిన కొన్నిచోట్ల వల్గేట్‌లో సరైన పాఠం ఉంది. బుద్ధిమంతుడైన పాఠకుడు ఊహించి దిద్దగలిగినవి కావవి. మామ్‌సెన్ రెండింటినీ కలిపి ఒక పరిష్కారం చెప్పాడు. 11వ శతాబ్దంలో ఫ్లోరెన్స్ ప్రతి నుంచి దిగిన ఒక నకలును, ఇప్పుడు దొరకని మరో పాత ప్రతితో సరిచూసి దిద్దారు. ‘కోడెక్స్ సెకుండస్’ అని పేరుపెట్టిన ఆ నష్టప్రతి నుంచి వల్గేట్ అంతా పుట్టింది. వివరాల మీద తగవులున్నా, ఈ చట్రాన్నే చాలామంది వాడుతున్నారు. (చూ. బొలోనియా వ్యాఖ్యాతలు, పాఠ పరిష్కరణ.)

ఆధునిక ముద్రణలు

మామ్‌సెన్ పరిష్కరించిన డైజెస్ట్ 1870లో బెర్లిన్‌లో పూర్తయింది. ఫ్లోరెన్స్ ప్రతే దానికి ఆధారం, వల్గేట్ పాఠభేదాలు అధోజ్ఞాపికల్లో ఉంటాయి. 1902-1910 మధ్య ఇటలీలో ప్రతి మొత్తాన్ని ఛాయాచిత్ర ముద్రణగా తెచ్చారు, 1988లో మరొకటి వచ్చింది. దాంతో లేఖకుల చేతులను, దిద్దుబాట్లను మూలం దగ్గరకు వెళ్లకుండానే పరిశీలించడం సాధ్యమైంది. నేటికీ డైజెస్ట్‌ను ఉటంకించే న్యాయ గ్రంథాలు సాధారణంగా వాడేది మామ్‌సెన్ పాఠమే.

లారెన్షియన్ గ్రంథాలయంలోని ప్రతులను షెల్ఫ్ సంఖ్యలతో గుర్తిస్తారు. ఫ్లోరెన్స్ డైజెస్ట్‌ను మాత్రం పండితుల పట్టికల్లో ‘సంఖ్య లేనిది’ అనే పేర్కొంటారు.